మా తమ్ముడికి ఫోన్ చేస్తానన్నారు కదా మేడమ్!

"మేడమ్, మీ ఫోన్ కోసం మా తమ్ముడు ఇరవై రోజులు స్నానానికి పోయినా ఫోన్ బాత్‌రూమ్ కిటికీలో పెట్టుకున్నాడు."

ఆఫీసు ప్యాంట్రీలో కాఫీ మెషీన్ దగ్గర నిలబడి ఉంటే వెనక నుంచి వినిపించిన మాట ఇది. ఆయన కోపంగా అనలేదు. నవ్వుతూనే అన్నాడు. అందుకే నాకు ఎక్కువ తగిలింది.

నేను హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో రిక్రూటర్‌ని. ఈ పనిలోకి వచ్చి ఏడేళ్లు. నేనేం చేస్తానో మా అమ్మకి ఇప్పటికీ సరిగ్గా తెలీదు. "ఉద్యోగాలిచ్చే ఉద్యోగం" అని చుట్టాలకి చెబుతుంది. దాంతో ఏ పెళ్లికెళ్లినా భోజనాల దగ్గర నా ఫోన్‌లోకి నాలుగు రెజ్యుమేలు వచ్చి పడతాయి. ఇచ్చేది నేను కాదు, నేను ఫోన్లు చేసేదాన్ని మాత్రమే అంటే ఎవరూ నమ్మరు. అన్ని ఫోన్లు చేసే నేను, చేయకుండా వదిలేసిన ఒక ఫోన్ గురించి ఈ కథనం.

ప్యాంట్రీలో నన్ను అడిగినాయన మా టెస్టింగ్ టీమ్‌లో ఉంటాడు. కోదాడ దగ్గర ఊరు. రిఫర్ చేసింది వాళ్ల పెద్దమ్మ కొడుకుని. ఆ అబ్బాయి బీఎస్సీ కంప్యూటర్స్ చదివి, రెండేళ్లు ఊరి దగ్గరే ఓ సిమెంటు ఫ్యాక్టరీలో వేబ్రిడ్జి దగ్గర లారీల తూకం రాసే పని చేశాడు. ఆ డబ్బులతో అమీర్‌పేటలో టెస్టింగ్ కోర్సు నేర్చుకున్నాడు. ఎస్సార్ నగర్ హాస్టల్లో నలుగురితో కలిసి ఒక గది. రెజ్యుమే పోర్టల్‌లో ఎక్కించిన రోజే వాళ్లన్న నా డెస్క్ దగ్గరికొచ్చి చెప్పాడు. "చూస్తాను, ఈ వారంలో ఫోన్ చేస్తాను" అన్నాను.

మన దగ్గర 'చూస్తాను' అనే మాటకి ఎన్ని అర్థాలున్నాయో మీకూ తెలుసు. కానీ 'ఈ వారంలో' అన్నాను చూడండి, అక్కడ దొరికిపోయాను.

ఆ నెల నా నెత్తిన 11 పొజిషన్లు, 60కి పైగా రిఫరల్స్. రెజ్యుమే తెరిచాను. బీఎస్సీ, తర్వాత రెండేళ్లు సంబంధం లేని పని. వద్దని కాదు, తర్వాత చూద్దామని పక్కన పెట్టాను. ఆ 'తర్వాత' ఇరవై రోజులైంది.

అవతల ఏం జరిగిందో నాకు ఆ రోజు ప్యాంట్రీలో తెలిసింది. ఆ నెలాఖరుకి హాస్టల్ ఖాళీ చేసి ఊరెళ్లిపోదామనుకున్న అబ్బాయి, అన్న చెప్పాడు కదా ఫోన్ వస్తుందని ఇంకో నెల ఆగాడు. వాళ్లమ్మ చిట్టీ ఎత్తి అందులోంచి 6,500 హాస్టల్‌కి పంపింది. రోజూ సాయంత్రం అన్నకి ఊరి నుంచి ఫోన్: "ఏమైందిరా, అడిగినవా?" ఆయనేమో నన్ను రెండోసారి అడగడానికి మొహమాటపడ్డాడు. చివరికి పెద్దమ్మ అనేసిందట: "నీకు చేతగాకపోతే చేతగాదని చెప్పు. పిల్లోణ్ణి ఎందుకు ఆశపెడ్తవ్?"

నేను చేసిందల్లా ఒక రెజ్యుమేని పక్కన పెట్టడం. అక్కడ ఒక ఇంట్లో పెద్దమ్మకీ కొడుక్కీ మాటలు ఆగిపోయాయి.

మధ్యలో మూడో మనిషి

జాబ్ పోర్టల్‌లోంచి తీసిన రెజ్యుమే అయితే ఆ కథలో ఇద్దరమే ఉంటాం. నేనూ, అభ్యర్థీ. నేను ఫోన్ చేయకపోతే వాళ్లు తిట్టుకుని మర్చిపోతారు. రిఫరల్‌లో మధ్యలో మూడో మనిషి ఉంటాడు. ఆయన రోజూ నాతో పాటు లిఫ్ట్ ఎక్కుతాడు. ఇటు నా దగ్గరా, అటు వాళ్ల ఇంట్లో లేక రూమ్‌లో తన పేరు పెట్టి మాటిచ్చి ఉంటాడు. నేను ఫోన్ చేయని ప్రతి రోజూ పోయేది ఆయన పరువే.

మరి కంపెనీలకి రిఫరల్స్ అంటే ఎందుకంత ఇష్టం? మొదటి కారణం డబ్బే, మొహమాటం లేకుండా చెప్పుకుందాం. కన్సల్టెన్సీ ద్వారా మనిషిని తీసుకుంటే మన దేశంలో మామూలుగా నడిచే రేటు ఏడాది జీతంలో 8.33 శాతం. అంటే ఒక నెల జీతం. 6 లక్షల ప్యాకేజీకి 50 వేలు. ఉద్యోగికిచ్చే రిఫరల్ బోనస్ చాలాచోట్ల దీనికన్నా తక్కువలోనే అయిపోతుంది. అదీ వెంటనే చేతికి రాదు. కొత్త మనిషి చేరి, మూడు నెలలో ఆర్నెల్లో నిలబడ్డాక, జీతంతో కలిపి ట్యాక్స్ పట్టుకుని ఇస్తారు. ఈలోపు రిఫర్ చేసినాయనే రాజీనామా చేస్తే ఆ బోనస్ సంగతి ఇక మర్చిపోవడమే.

రెండో కారణం, తెలిసినవాళ్లు లోపల ఉన్నవాళ్లు ఆఫర్ తీసుకుని చివరి రోజు ఫోన్ స్విచాఫ్ చేసే అవకాశం తక్కువ. మా బాధ మీకు తెలీదు. 90 రోజుల నోటీస్ పీరియడ్ ఉన్న అభ్యర్థికి ఆఫర్ ఇస్తే, ఆ మూడు నెలల్లో ఆ కాగితం చూపించి ఇంకో రెండు ఆఫర్లు తెచ్చుకుంటారు. తప్పని అనను, మనందరం చేసిందే. కానీ రిఫరల్‌తో వచ్చినవాళ్లు కనీసం ముందే చెబుతారు. "అక్కా, అక్కడ లక్షన్నర ఎక్కువిస్తున్నారు, రాలేను" అని ఒక మెసేజ్ అయినా పెడతారు.

మీలో ఉద్యోగాల వేటలో ఉన్నవాళ్లకి ఇక్కడ ఒక చిన్న మాట. ఫ్రెండ్ రిఫర్ చేస్తానన్నాక తొందరపడి మీరే కంపెనీ సైట్‌లో అప్లై చేసేయకండి. చాలా కంపెనీల సిస్టమ్‌లో ఒక మనిషి పేరు ఏ దారిలో ముందు వస్తే ఆ దారి లెక్కలోనే ఉండిపోతుంది. మీ ఈమెయిల్, ఫోన్ నంబరు ముందే ఉంటే, తర్వాత మీ ఫ్రెండ్ ఎక్కించింది డూప్లికేట్ అవుతుంది. కొన్నిచోట్ల ఆర్నెల్ల దాకా అంతే. ఆ ఫ్రెండ్ బోనస్ పోవడం ఒక్కటే కాదు, ఆ రెజ్యుమే వందల అప్లికేషన్ల గుట్టలోకి వెళ్లిపోతుంది. ముందు లింక్ పంపమనండి. ఆ లింక్‌లోంచే నింపండి.

ఫోన్ ఎత్తితేగా!

తెలిసినవాళ్ల ద్వారా వచ్చిన నంబరే కదా, ఫోన్ చేయడం తేలికే అనుకుంటారు. అస్సలు కాదు. ఆఫీసు నంబర్ నుంచి రోజుకి నలభై ఫోన్లు చేస్తాం కాబట్టి ట్రూకాలర్‌లో మా నంబరు ఎర్రగా 'స్పామ్' అని కనిపిస్తుంది. క్రెడిట్ కార్డులు, ప్లాట్లు అమ్మేవాళ్ల పక్కనే మా జాబితా. ఎవరు ఎత్తుతారు?

ఒకసారి ఖమ్మం వైపు అబ్బాయి రెజ్యుమేలో వాళ్ల నాన్న నంబరు ఉంది. ఆయనే ఎత్తాడు. కంపెనీ పేరు చెప్పి, మీ అబ్బాయితో ఉద్యోగం గురించి మాట్లాడాలి అన్నాను. అవతల రెండు క్షణాలు మాట లేదు. తర్వాత మెల్లగా అడిగాడు. "ఎంత కట్టాలమ్మా?"

నాకు నోట మాట రాలేదు. ఆయన వెటకారంగా అడగలేదు. నిజంగానే అడిగాడు. కట్టడానికి సిద్ధపడే అడిగాడు. బ్యాక్‌డోర్ అనీ, రిజిస్ట్రేషన్ ఫీజనీ, ల్యాప్‌టాప్ డిపాజిట్ అనీ పిల్లల దగ్గర గుంజేవాళ్లు అంతమంది ఉన్నారు మరి. (సొంతంగా మనుషుల్ని తీసుకునే ఏ కంపెనీ అయినా ఉద్యోగం ఇవ్వడానికి డబ్బు అడగదు. 'లోపల మా వాడున్నాడు, రిఫరల్‌కి ఇంత' అన్నవాడు ఎవడైనా సరే మోసగాడే. డబ్బు పోయిందని తెలిసిన వెంటనే 1930కి ఫోన్ చేయండి.)

ఆ రోజు నుంచి నా పద్ధతి మార్చుకున్నాను. ముందు ఫోన్ చేయను. రిఫర్ చేసిన మనిషి దగ్గరికే వెళ్లి రెండు ప్రశ్నలు అడుగుతాను. మీవాడికి మీరు చెప్పారా? ఏ టైమ్‌లో చేయాలి? తర్వాత అభ్యర్థికి ఒక మెసేజ్ పెడతాను. ఇదిగో, ఇంచుమించు ఇలా ఉంటుంది.

"నమస్తే, నేను ఫలానా కంపెనీ రిక్రూటర్‌ని. మా దగ్గర పనిచేసే మీ ఫ్రెండ్ ఫలానా గారు మీ రెజ్యుమే ఇచ్చారు. టెస్టింగ్‌లో ఒక పొజిషన్ ఉంది, ఆఫీసు గచ్చిబౌలిలో, వారానికి మూడు రోజులు రావాలి. పది నిమిషాలు మాట్లాడటానికి మీకు ఏ టైమ్ వీలవుతుంది? ఆసక్తి లేకపోతే 'వద్దు' అని చెప్పినా చాలు, ఏమీ అనుకోను. అనుమానం ఉంటే ముందు మీ ఫ్రెండ్‌ని అడగండి."

అందులో నాకు బాగా పనికొచ్చింది చివరి రెండు వాక్యాలు. రిఫర్ చేసిన మనిషిని బాధపెట్టలేక ఇష్టం లేకపోయినా "సరే మేడమ్" అనేవాళ్లు చాలామంది ఉంటారు. ఇంటర్వ్యూ రోజు రారు. ఫోన్ ఎత్తరు. అదేదో మొదటే 'వద్దు' అనే దారి ఇస్తే ముగ్గురికీ హాయి.

టైమ్ సంగతి ఇంకో కథ. ఉద్యోగంలో ఉన్నవాళ్లకి పదకొండింటికి ఫోన్ చేస్తే పక్క సీట్లోనే మేనేజర్ ఉంటాడు. "ఆ... చెప్పండి అంకుల్" అంటారు. నన్ను ఎంతమంది అంకుల్ అన్నారో! నైట్ షిఫ్ట్ వాళ్లకి పొద్దున తొమ్మిదింటికి చేస్తే నిద్రలో ఏం మాట్లాడారో వాళ్లకే గుర్తుండదు. మధ్యాహ్నం రెండు, లేదా సాయంత్రం ఆరున్నర తర్వాత. బస్సులో ఉంటే మళ్లీ చేస్తాననాలి, అన్నాక చేయాలి.

ఇంకోటి. 'మీ జీతమెంత?' అనేది మొదటి ప్రశ్న కాకూడదు. మేం అందరం చేసే తప్పే ఇది. ఫారంలో మొదటి గడి అదే కాబట్టి నోరు అటే పోతుంది. ముందు పనేంటో చెప్పి, ఆ మనిషి ఏం చేస్తున్నాడో విని, ఆ తర్వాత డబ్బు దగ్గరికి రావాలి.

జీతం అంటే గుర్తొచ్చింది. ఈ పనిలో చేరిన కొత్తలో ఒకసారి రిఫర్ చేసినాయన లిఫ్ట్‌లో "మావాడు ఎంత అడిగాడు మేడమ్?" అంటే ఏదో మాటల్లో చెప్పేశాను. ఆయన అభ్యర్థికి బావమరిది. ఆ అబ్బాయి ఇంట్లో తన జీతం రెండు లక్షలు ఎక్కువ చేసి చెప్పుకున్నాడట. సంబంధాలు చూస్తున్న ఇల్లు. ఇక చెప్పేదేముంది? ఆ సాయంత్రం ఆ అబ్బాయి నాకు ఫోన్ చేసి ఒకే ఒక్క మాట అడిగాడు: "నేను మీకు చెప్పింది ఆయనకి ఎందుకు చెప్పారండీ?" నా దగ్గర జవాబు లేదు. అప్పటి నుంచి జీతం, ఇంటర్వ్యూ మార్కులు, ఎందుకు వద్దన్నారో, ఏవీ రిఫర్ చేసినవాళ్లకి చెప్పను. 'ఫోన్ చేశాను', 'ఇంటర్వ్యూ అయింది', 'పూర్తయింది'. ఈ మూడు మాటలే. అవి కూడా అభ్యర్థికి చెప్పాకే.

రిఫర్ చేసేవాళ్లూ గుర్తుపెట్టుకోవాల్సింది ఉంది. ఫ్రెండ్ రెజ్యుమే వాట్సాప్ గ్రూపులో కనిపించింది కదా అని అడక్కుండా పోర్టల్‌లో ఎక్కించేస్తారు. ఆ రెజ్యుమేలో వాళ్ల ఇంటి అడ్రస్ దాకా ఉంటుంది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టంలో గుండెకాయ లాంటి మాట ఒకటే, మనిషి వివరాలు వాడాలంటే దేనికో చెప్పి, ఒప్పుకున్నాకే వాడాలని. చట్టం సంగతి పక్కన పెట్టినా, నేను ఫోన్ చేస్తే "నా రెజ్యుమే మీకెలా వచ్చింది?" అని అవతలి మనిషి ఉలిక్కిపడితే ఆ సంభాషణ ఇక ముందుకు సాగదు.

దగ్గరివాళ్లు కాదట

ఒక విషయం నాకు మొదట్లో వింతగా అనిపించేది. బాగా కుదిరే రిఫరల్స్ ప్రాణ స్నేహితులవీ, అన్నదమ్ములవీ కావు. "పాత కంపెనీలో పక్క టీమ్‌లో ఉండేవాడండీ, నాలుగేళ్లయింది మాట్లాడి, కానీ పని బాగా చేసేవాడు" అంటారు చూడండి, అలాంటివి.

దీని మీద పెద్ద పరిశోధనే ఉందని తర్వాత చదివాను. మార్క్ గ్రానోవెటర్ అనే సామాజిక శాస్త్రవేత్త అమెరికాలో బోస్టన్ పక్కనున్న న్యూటన్ అనే ఊళ్లో, కొత్తగా ఉద్యోగాలు మారినవాళ్లని అడిగాడు. తెలిసినవాళ్ల ద్వారా ఉద్యోగం దొరికింది సరే, ఆ తెలిసినవాళ్లని మీరెంత తరచుగా కలిసేవాళ్లు అని. తరచూ కలిసేవాళ్లం అన్నది 16.7 శాతమే. అప్పుడప్పుడు అన్నవాళ్లు 55.6 శాతం. ఎప్పుడో గానీ కలవం అన్నవాళ్లు 27.8 శాతం. 1973లో ఆయన అచ్చువేసిన ఆ వ్యాసం ఇప్పటికీ అందరూ చెప్పుకుంటారు. కారణం కూడా తేలిగ్గానే అర్థమవుతుంది. మన రూమ్మేట్‌కి తెలిసిన ఖాళీలు మనకీ తెలిసినవే అయి ఉంటాయి. ఎప్పుడో ఒకసారి పలకరించుకునే మనిషి వేరే లోకంలో ఉంటాడు, అక్కడి కబురు మనకి కొత్త. 2022లో 'సైన్స్' పత్రికలో లింక్డ్‌ఇన్‌లో 2 కోట్ల మందికి పైగా మనుషుల మీద ఐదేళ్లు నడిచిన ప్రయోగాల ఫలితం వచ్చింది. అదీ ఇంచుమించు ఇదే చెప్పింది. కాకపోతే బొత్తిగా ముక్కూమొహం తెలీనివాళ్లు కాదు, ఓ మోస్తరు పరిచయం ఉన్నవాళ్లు ఎక్కువ ఉపయోగపడతారని తేల్చింది.

కాబట్టి ఉద్యోగం వెతుక్కునేవాళ్లు బాబాయి కొడుకుని పదోసారి అడిగే బదులు, డిగ్రీలో మీ ల్యాబ్ బ్యాచ్‌లో ఉన్న మనిషికి ఒక మెసేజ్ పెట్టండి. 'హాయ్ బ్రో, ఎనీ ఓపెనింగ్స్?' అని కాదు. దానికి ఎవరూ జవాబివ్వరు, నేనూ ఇవ్వను. వాళ్ల కంపెనీ సైట్‌లో ఏ పోస్ట్ ఉందో మీరే చూసి, ఆ లింక్ పెట్టి, మీకు అందులో ఏం వచ్చో రెండు లైన్లు రాసి, ఒక పేజీ రెజ్యుమే జతచేయండి. అవతలి మనిషి చేయాల్సిన పని ఎంత తగ్గిస్తే అంత మంచిది.

లేని అనుభవం మాత్రం రాయకండి. అమీర్‌పేటలో మూడేళ్ల ఎక్స్‌పీరియన్స్ కాగితాలు కొనుక్కోవచ్చని అందరికీ తెలుసు, మాకూ తెలుసు. పీఎఫ్ యూఏఎన్‌లో సర్వీస్ హిస్టరీ తీస్తే ఎక్కడ ఎన్నాళ్లు చేశారో కనబడుతుంది. అక్కడ దొరికితే మీ ఆఫర్ పోతుంది, మిమ్మల్ని రిఫర్ చేసిన మనిషి మాట ఆ ఆఫీసులో ఇంకెప్పుడూ చెల్లదు.

మనోడేనా?

ఇది రాయాలా వద్దా అని ఆలోచించాను. రాయకపోతే ఈ కథనం సగం అబద్ధమవుతుంది.

రిఫరల్స్ మీదే నడిచే టీమ్ కొన్నేళ్లకి ఎలా తయారవుతుందో నేను చూశాను. ఒక మేనేజర్ కింద పద్నాలుగు మంది. అందులో తొమ్మిది మందిది ఒకటే జిల్లా, ఆరుగురిది ఒకటే కాలేజీ. మిగతా లెక్క కూడా ఉంది, మీరు ఊహించగలరు. ఎవరూ కావాలని చేయలేదనే చెబుతారు. నా రూమ్మేట్‌ని నేను తెచ్చాను, వాడి తమ్ముణ్ణి వాడు తెచ్చాడు, అంతే కదా? కానీ ఒకసారి నేను షార్ట్‌లిస్ట్ పట్టుకెళ్తే ఒకాయన కాగితం మీద ఇంటిపేరు చూసి, గొంతు తగ్గించి అడిగాడు: "మనోడేనా?"

ఎంత చక్కటి మాట అది, ఊళ్లో వాడితే! ఆఫీసులో ఆ చెవిన పడగానే అది తలుపు మూసే శబ్దం. ఎస్సార్ నగర్ హాస్టళ్లలో వేల మంది ఉన్నారు, లోపల మనోడంటూ ఎవడూ లేనివాళ్లు. ఇంట్లో మొదటి డిగ్రీ వాళ్లదే. వాళ్లకి ఎవరు రిఫరల్ ఇస్తారు?

ఈ తంటా మన ఒక్కళ్లదే కాదు. 2015లో ఇంటెల్ కంపెనీ అమెరికాలో మహిళలనీ, మైనారిటీ వర్గాలవారినీ, మాజీ సైనికులనీ రిఫర్ చేస్తే ఇచ్చే బోనస్‌ని రెట్టింపు చేసి 4 వేల డాలర్ల దాకా ఇస్తామంది. అంటే ఉద్యోగుల్ని వాళ్ల గల్లీ దాటి చూడమని డబ్బిచ్చి అడగాల్సి వచ్చిందన్నమాట. నాకు అంత అధికారం లేదు. నేను చేయగలిగింది చిన్నది. ప్రతి పొజిషన్‌కి రిఫరల్స్‌తో పాటు అంతే మందిని బయట నుంచి వచ్చిన అప్లికేషన్లలోంచి తీసి పంపుతాను. మేనేజర్ దగ్గరికి వెళ్లే షీట్‌లో ఎవరు రిఫర్ చేశారన్న కాలమ్ తీసేశాను, ఇంటిపేరుకి ఒక అక్షరమే ఉంచాను. దాని మీద గొడవ కూడా అయింది. 'ఎవరి మనిషో తెలీకుండా ఎలా?' అన్నారు. అలాగే అన్నాను. దీంతో లోకం మారిపోయిందని చెప్పను. ఇప్పటికీ ఫోన్ చేసి అడిగి తెలుసుకునేవాళ్లు ఉన్నారు.

వేబ్రిడ్జి దగ్గర

ప్యాంట్రీలో ఆ మాట విన్న మధ్యాహ్నమే కోదాడ అబ్బాయికి ఫోన్ చేశాను. వెనక లారీ హారన్లు.

"పర్లేదు మేడమ్. నేను మళ్ల ఊరికొచ్చేసిన. డ్యూటీలో ఉన్న" అన్నాడు.

మొదట సారీ చెప్పాను. మీ రెజ్యుమే చూడటంలో ఆలస్యం నాదే, మీ అన్నయ్య తప్పేం లేదు, ఆయన మొదటి రోజే చెప్పారు అన్నాను. అవతల కాసేపు హారన్లే వినిపించాయి. "ఈ మాట మా అమ్మకొకసారి చెప్తరా మేడమ్?" అన్నాడు.

ఏడేళ్లలో ఎవరూ నన్ను అలా అడగలేదు. మా పాలసీలో అభ్యర్థి తల్లితో మాట్లాడటం లేదు, మాట్లాడకూడదనీ లేదు. రాత్రి ఎనిమిదింటికి చేశాను. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. "నేనే ఫోన్ చేయడం మర్చిపోయానమ్మా, మీ చెల్లెలి కొడుకుదేం లేదు" అంటే, "అయ్యో బిడ్డా, పెద్ద కొలువు చేస్తున్నవ్, నీకెన్ని పనులుంటయో" అందామె. తిడితే బాగుండనిపించింది.

ఇంటర్వ్యూకి వచ్చాడు. మొదటి రౌండ్ బాగా చేశాడు. లారీల తూకంలో తేడా ఎలా పట్టుకునేవాడో చెబుతుంటే ప్యానెల్‌లో ఉన్నాయన పెన్ను పక్కన పెట్టి విన్నాడు. ఖాళీ లారీ తూకం, నిండు లారీ తూకం, మధ్యలో డ్రైవర్ దిగాడా లేదా, డీజిల్ ఎంతుంది, ఇవన్నీ చూసుకోకపోతే లెక్క తప్పుతుందట. టెస్టింగ్ అంటే అదే కదా! రెండో రౌండ్‌లో మాత్రం ఆటోమేషన్ దగ్గర ఆగిపోయాడు. సెలీనియం పేర్లు తెలుసు గానీ సొంతంగా స్క్రిప్ట్ రాయలేకపోయాడు. తీసుకోలేదు.

'లేదు' అని చెప్పడం ఈ పనిలో అన్నిటికన్నా కష్టం. చాలామంది చెప్పరు, మౌనంగా ఉండిపోతారు. నేనూ అలాగే ఉండేదాన్ని. రిఫరల్ అయితే మరీనూ, రోజూ కనబడే మనిషికి మొహం ఎలా చూపిస్తామని. కానీ ఆ హాస్టల్ నెల నాకు గుర్తుంది. అదే రోజు సాయంత్రం ఫోన్ చేశాను. తీసుకోలేకపోతున్నాం, ఆటోమేషన్ ఒక్కటే అడ్డం పడింది, జావాలో సొంతంగా చిన్న ఫ్రేమ్‌వర్క్ ఒకటి రాసి చూడండి, ఆర్నెల్ల తర్వాత మళ్లీ అప్లై చేయొచ్చు అన్నాను. "రాసుకుంట మేడమ్, ఇంకోసారి చెప్పుర్రి" అన్నాడు. నిజంగానే రాసుకున్నాడు. తర్వాత వాళ్లన్న డెస్క్ దగ్గరికెళ్లి 'పూర్తయింది' అన్నాను. ఆయన తలూపి, "ఫోన్ చేసిర్రట కదా, చెప్పిండు" అన్నాడు.

ఇప్పుడు నా ఎక్సెల్ షీట్‌లో ఒక కాలమ్ ఉంది, రిఫరల్ వచ్చిన తేదీ. రెండు పనిదినాలు దాటితే గడి ఎర్రగా అవుతుంది. ఎర్ర గడులు ఉన్న రోజు కొత్త పని మొదలుపెట్టను. పది నిమిషాలు ఫోన్ చేసే వీలు లేకపోతే కనీసం 'మీ రెజ్యుమే అందింది, వచ్చే సోమవారం లోపు చెబుతాను' అని మెసేజ్ పెడతాను. సోమవారం ఏమీ తేలకపోతే, తేలలేదని చెబుతాను. మా బాస్‌కి ఇది అతి అనిపిస్తుంది. అనిపించనీ.

మొన్న ఒక మెసేజ్ వచ్చింది. నా ఫోన్‌లో ఆ నంబరు ఇంకా 'కోదాడ వేబ్రిడ్జి' అనే ఉంది. తొమ్మిది నెలలైనట్టుంది. మాదాపూర్‌లో వేరే కంపెనీలో టెస్టర్‌గా చేరాడట, ఆటోమేషన్‌లోనే. కింద ఒక రెజ్యుమే జతచేశాడు, హాస్టల్లో పక్క బెడ్ అబ్బాయిది.

"వాణ్ణి అడిగే పంపుతున్న మేడమ్. మీకు కుదరకపోతే కుదరదని చెప్పుర్రి, వాడేం అనుకోడు. రెండింటికి చేయండి, అప్పుడు లంచ్."

రెండింటికి చేశాను. రెండో రింగ్‌కే ఎత్తాడు.